ఎవరితో అండీ మీరు మాట్లాడేది?

మొన్న మా మేనల్లుడు వచ్చాడు. బెజవాడలో ఏదో ఎఫ్ఎం రేడియోలో ఉద్యోగం. మాట్లాడటమే పనిట! "రోజుకు నాలుగ్గంటలు ఏకబిగిన మాట్లాడతావురా?" అని మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

"అబ్బే, నాలుగ్గంటల్లో నేను మాట్లాడేది పావుగంటే అత్తయ్యా. మిగతాదంతా పాటలూ ప్రకటనలూ. కాస్త ఎక్కువ మాట్లాడితే జనం స్టేషను మార్చేస్తారని మాకు నిమిషాలు లెక్కకట్టి ఇస్తారు. రేడియోలో మాటలు వినే రోజులు పోయాయి" అన్నాడు వాడు, పెసరట్టు తుంచుతూ.

వంటవాణ్ని పెట్టుకుని పొయ్యి వెలిగించొద్దన్నట్టుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చుట్టం ఇంటికొచ్చినప్పుడు పోట్లాడకూడదు గనక అప్పటికి ఊరుకున్నాను. మీ దగ్గర ఊరుకోవలసిన అవసరం లేదు కదా!

మాటలు వినేవాళ్లు పోయారా? మా పెడన రండి, చూపిస్తాను. పొద్దున తొమ్మిదయ్యేసరికి కలంకారీ షెడ్లలో అద్దకం బల్లల ముందు మనుషులు నిలబడతారు. ఒక చేత్తో అచ్చు, రెండో చేత్తో దానిమీద గుద్దు. కళ్లు గుడ్డమీద. గీత వెంట్రుకవాసి తప్పిందా, ఆ పంచెడు గుడ్డా దండగే. ఇంకో వీధిలో గుంట మగ్గాలు. కాళ్లకు పని, చేతులకు పని, కళ్లకు పని. పనిలేనివి చెవులొక్కటే. సాయంత్రం దాకా ఆ చెవులు ఖాళీ. ఇప్పుడు వాటికి దిక్కేమిటంటే, గూట్లో నిలబెట్టిన సెల్‌ఫోను. అందులో ఏదో సినిమా నడుస్తుంటుంది, చూసేవాడు ఒక్కడూ ఉండడు, అందరూ వింటుంటారు. చూడటానికి తయారైన బొమ్మను గుడ్డివాళ్లలా వింటున్నారండీ, వినటానికి తయారైన మాట దొరక్క!

అంచేత వినేవాళ్లు పోలేదు. వాళ్లతో మాట్లాడేవాళ్లు పోయారు.

పాతదంతా బంగారమని అనను. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఇన్నేళ్లలో ముందే రాసిచ్చిన కాగితాన్ని కమ్మలు లెక్కపెట్టినట్టు చదివేసి వెళ్లిన ప్రసంగకర్తలు ఎంతమందో. మంచి నిద్రమాత్రలు. అయినా అదే కేంద్రంలో ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే వీధులు ఎందుకు నిర్మానుష్యమయ్యాయి? పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అంటే ఎవరికీ తెలియదు, ఉషశ్రీ అంటే చెప్పులు కుట్టుకునేవాడికీ తెలుసు. ఆయనది తేనెలొలికే కంఠమని కాదు. శ్రోతల్ని బుజ్జగించేవారు కాదు, అవసరమైతే కసిరేవారు. ధర్మసందేహాల్లో మనం రాసిన ఉత్తరం పట్టుకుని మనకే బదులు చెబుతుంటే, పక్కింటి పెద్దాయన గోడమీంచి వంగి మందలిస్తున్నట్టుండేది. తిట్టించుకోవటానికి కూడా ఉత్తరాలు రాసేవాళ్లు మనవాళ్లు! ఆ మనిషికి చెప్పటానికి విషయం ఉంది, ఎదుట ఎవరున్నారో తెలుసు. మాటకు ఆ రెండే కావాలి.

ఇప్పటి ఆర్జేల గొంతులు ఉషశ్రీ గారి కంటే నున్నగా ఉంటాయి, కాదనను. తీరా వాళ్లు చెప్పేదేమిటి? తన జోక్‌కు తనే నవ్వటం. "లవ్‌లో ఫెయిలయ్యారా, కాల్ చెయ్యండి" అనటం. తెలుగూ ఇంగ్లీషూ కలిసిన ఆ భాష ఏ ఊరిదో కనుక్కోండి చూద్దాం. బందరుది కాదు, గుడివాడది కాదు, నిక్కచ్చిగా హైదరాబాదుదీ కాదు. ఏ ఊరికీ చెందని మాట ఏ ఊళ్లో దిగుతుంది?

ఇదే మాట తర్వాత మేనల్లుడి దగ్గర అంటే వాడు చట్టం తీశాడు. "మాకు వార్తలు చెప్పే హక్కు లేదు మావయ్యా. ఆకాశవాణి బులెటిన్ మక్కికి మక్కి వెయ్యాలి తప్ప సొంత వార్త ఒక్కటి చెప్పటానికి లేదు. ఇక ఊరి సంగతులెలా చెప్పం?"

అయ్యా, ఈ సాకు నేను చాలామంది నోట విన్నాను. సగం నిజం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల ఆస్తిలో ప్రజల వార్తకు చోటు లేకపోవటం అన్యాయమే, దానిమీద ఎంత పోట్లాడినా నేను మీ వెనకే ఉంటాను. మిగతా సగం మాత్రం శుద్ధ బద్ధకం. 2011లో వచ్చిన ఎఫ్ఎం విధానం ఒకసారి చదవండి. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల కబుర్లు, ఉత్సవాలు, కరెంటూ నీళ్లూ గురించిన ప్రకటనలు, ప్రకృతి వైపరీత్యాలు, ఇవన్నీ వార్తల కింద లెక్క కాదు, చెప్పుకోవచ్చు అని అందులోనే ఉంది. చెప్పొద్దన్నదెవరు?

మా అద్దకం వాళ్లకు ఏం కావాలో చెప్పనా? కరక్కాయ నీళ్లలో ముంచి, పటికతో అచ్చు వేసిన గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. తొట్లో ముంచి తీస్తే కుదరదు, అదనపు పటిక పక్కకు అంటుకుని రంగు పూసిపోతుంది. పారే నీళ్లంటే కాలవ. ఎండాకాలం కాలవ కట్టేస్తారు. ఎప్పుడు కడతారు, మళ్లీ ఎప్పుడు వదులుతారు? ఈ ఒక్క ముక్క నాలుగు రోజుల ముందు చెవిన పడితే ఎన్ని ఇళ్లల్లో పని ఆగకుండా ఉంటుందో! ప్రేమలో ఓడినవాళ్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో సంగతి, ఇది నవ్వులాట కాదు. 1977 నవంబరు 19. నాకు పదేళ్లు. తుఫాను వస్తోందని ముందే రేడియోలో విన్నాం. మా తాతయ్య, "ఏటా చెబుతారులే" అని పడక్కుర్చీ వసారాలోకి జరుపుకున్నాడు. ఆ రాత్రి దివిసీమ మీదికి ఉప్పెన తాటిచెట్టును మింగేటట్టు వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల దాకా పోయారు. మా తాతయ్య బతికాడు గాని, ఆ తర్వాత పడక్కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. తప్పు ఆయనదే, ఒప్పుకుంటాను. కాని ఒక ప్రశ్న ఆనాటినుంచీ నన్ను వదలదు. రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు అంటారే, ఆ నంబరు ఎవరికోసం? ఓడ నడిపేవాడికి. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఆ అంకె ఏం చెబుతుంది? "ఒరే, లే, పిల్లల్ని తీసుకుని ఎత్తైన మేడకు పో" అని తెలిసిన గొంతు చెప్పాలి. రోజూ కాలవ కబురు, పరీక్షల కబురు చెప్పే గొంతయితేనే ఆ రాత్రి అది చెప్పింది నమ్ముతారు. నమ్మకం తుఫాను రోజున పుట్టేది కాదు.

అమెరికాలోనూ ఈ గోలే. 1988లో రష్ లింబా అనే ఆయన దేశమంతటికీ ఒక్కచోటినుంచి మాట్లాడటం మొదలెట్టాక, చవగ్గా దొరికే ఆ గొంతు ముందు ఊళ్లలో మాట్లాడేవాళ్లు చాలామంది నిలవలేకపోయారు. 1996 చట్టంతో ఒక్క కంపెనీ ఎన్ని స్టేషన్లయినా కొనుక్కునే దారి తెరుచుకుంది. 2002 జనవరిలో నార్త్ డకోటాలోని మైనాట్ ఊరి పక్కన రైలు పడి అమ్మోనియా వాయువు కమ్మింది. పోలీసులు రేడియో స్టేషనుకు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కులేదన్నారు. పోలీసులకు తమ యంత్రం వాడటం రాలేదని కంపెనీ అంది. తగవు ఎటు తేలినా, ఆ రాత్రి ఊరితో మాట్లాడవలసిన గొంతు సమయానికి పలకలేదు.

మరి డబ్బెక్కడిది అంటారు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో పెట్టారు. నడిపేదీ మాట్లాడేదీ వాళ్లే, మాట్లాడేది వాళ్ల యాసే. చిరుధాన్యాలూ, విత్తనాలూ, పాటలూ. సముదాయ రేడియోకు ఇచ్చేది మామూలుగా వంద వాట్లు, అంటే పాతకాలపు పెద్ద బల్బు పాటి శక్తి. మా పెడనకూ చుట్టూ పల్లెలకూ అది చాలు. అక్కడ ఊరి ఆడవాళ్లకు చేతనైంది ఇక్కడ మనకెందుకు చేతకాదు? సినిమా హాలు కట్టటానికి చందాలు వేసుకున్న ఊళ్లున్నాయి మన జిల్లాలో!

మేనల్లుణ్ని ఊరికే పంపలేదు లెండి. బస్సుకు ఇంకా గంట ఉందంటే పక్క షెడ్డుకు తీసుకెళ్లాను. రేడియో అబ్బాయి వచ్చాడని అచ్చులు పక్కన పెట్టి చుట్టూ చేరారు. వీడు వెంటనే, "మీకే హీరో పాటలు కావాలి?" అన్నాడు. అలవాటు ప్రాణం! వాళ్లలో పెద్దావిడ చేతికంటిన నలుపు గుడ్డకు తుడుచుకుంటూ, "పాటలకేం బాబూ, ఫోన్లో ఉన్నాయి. కాలవ ఎప్పుడు కడతారో మీరు రేడియోలో చెప్పరా?" అంది.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి దాని వెనక ఏదో రాసుకున్నాడు. ఆ రోజునుంచీ పొద్దున్నే మా ఆవిడ రేడియో పెడుతోంది. ఇంకా చెప్పలేదు.