నాన్న ఊరెళ్ళాడని చెప్పకండి

ఆ పాపకు ఐదేళ్ళు. కడుపునొప్పి అని నెలలో మూడుసార్లు మా ఓపీకి తీసుకొచ్చారు. రక్తం, మూత్రం, స్కానింగు అన్నీ బాగానే ఉన్నాయి. మూడోసారి వాళ్ళ నాయనమ్మ ఒక మాట చెప్పింది. నొప్పి రోజూ సాయంత్రం, హైదరాబాద్ బస్సు వచ్చే వేళకే వస్తుందట. పాప తండ్రి చనిపోయి అప్పటికి రెండు నెలలు. పాపకు మాత్రం "నాన్న హైదరాబాద్ పనికెళ్ళాడు" అని చెప్పారు. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, నేను సైకిలు కావాలని ఏడ్చానని నాన్నకు కోపమొచ్చిందా?"

(ఎవరో గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

పాప ఏడవకూడదనే ఇంట్లోవాళ్ళు అలా చెప్పారు. వాళ్ళను తప్పు పట్టలేను. కానీ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో మరణం జరిగితే మూడేళ్ళ బిడ్డకైనా "చనిపోయారు" అనే మాటతోనే చెప్పాలి. నిజం చెప్పకపోతే ఆ ఖాళీని పిల్లలు తమ తప్పుతో నింపుకుంటారు. ఆ వయసులో తాము అనుకున్నది, అన్నది నిజంగా జరిగిపోతుందని నమ్ముతారు మరి.

మన సంఘాల్లో వాడే మాటలు కూడా ఒకసారి పిల్లల చెవులతో వినండి. "ప్రభువునందు నిద్రించారు" అని ఫ్లెక్సీ మీద వేయిస్తాం. పెద్దలకు అది ఆదరణ. నాలుగేళ్ళవాడికి నిద్ర అంటే రోజూ రాత్రి తను పోయే నిద్రే. వాడు పడుకోవడానికి భయపడతాడు. "దేవుడు తీసుకెళ్ళాడు" అంటే, మళ్ళీ వచ్చి అమ్మను కూడా తీసుకుపోతాడేమోనని మందిరానికి రానని మొరాయించిన పిల్లవాణ్ణి చూశాను. "మంచివాళ్ళను దేవుడు ముందే పిలుచుకుంటాడు" అంటే ఇక బుద్ధిగా ఉండటానికి ఏ పిల్లవాడు ఒప్పుకుంటాడు? పరలోక నిరీక్షణ గురించి తప్పకుండా చెప్పండి. ముందు జరిగింది చెప్పి, ఆ తర్వాత చెప్పండి. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీరు కార్చాడు కదా, మరి "విశ్వాసులు ఏడవకూడదు" అని పిల్లల నోరు మూయించడం ఎందుకో నాకు అర్థం కాదు.

చెప్పేటప్పుడు మాటలు చిన్నవిగా ఉండాలి. "నాన్న చనిపోయాడమ్మా. అంటే నాన్న గుండె ఆగిపోయింది. ఊపిరి తీసుకోడు. ఆకలి, నొప్పి ఏవీ తెలియవు. ఇక తిరిగి రాడు. నువ్వు చేసిన దానివల్ల కాదు. నీకు అన్నం పెట్టడానికి, బడికి పంపడానికి నేను ఉన్నాను." ఇంత చాలు. మర్నాడు మళ్ళీ "నాన్న ఎప్పుడొస్తాడు?" అంటారు. ఐదారేళ్ళ లోపు పిల్లలకు చావంటే తిరిగి రానిదని ఒక్కసారికి అర్థం కాదు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పాలి. పది నిమిషాలు ఏడ్చి వెంటనే ఆటకు పరుగెత్తినా కంగారు పడకండి. వాళ్ళ దుఃఖం అలా విడతలు విడతలుగానే వస్తుంది.

మన పల్నాడులో అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న తండ్రులున్న ఇళ్ళు ఉన్నాయి. అక్కడ ఇంకా కష్టం. అయినా బోరింగు దగ్గరో, బడిలోనో ఎవరో ఒకరు ఆ పిల్లలతో అనేస్తారు. అంతకంటే ముందు అమ్మ నోటి నుంచే, "నాన్న మనసుకు పెద్ద జబ్బు చేసింది, అప్పుడు సాయం అడగలేకపోయాడు" అని వినడం మేలు.

భూస్థాపనకు పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా అని అడుగుతుంటారు. వస్తానంటే తీసుకెళ్ళండి. అక్కడ ఏం చూస్తారో ముందే చెప్పి, వాళ్ళకు తోడుగా ఒక మనిషిని ఉంచండి. రానంటే బలవంతం వద్దు. మన వినుకొండలో పుట్టిన జాషువా గారి శ్మశానవాటి పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో రాగాలు తీసి పాడించుకుని వింటాం. మన పిల్లలకు మాత్రం సమాధుల తోట వైపు చూడనివ్వం!

ఊరుకున్న పిల్లవాణ్ణి చూసి "మరిచిపోయాడు" అనుకోకండి. ఈ పొరపాటు నేనూ చేశాను. చదువుకునే రోజుల్లో పిల్లల వార్డులో "అమ్మ బిస్కెట్లు తేవడానికి వెళ్ళింది" అని అబద్ధాలు చెప్పాను. రెండు రోజులకు ఏడుపు మానితే అలవాటు పడ్డాడని సంతోషించాను. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాపను సినిమా తీసి చూపించాడు. ఆ పాప పెద్దగా ఏడవలేదు, ఏడుపు దిగమింగుకుంది. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా లోపలికి రానివ్వాలని సిఫారసు చేసింది. నేను ఇదంతా తెలుసుకునేసరికి చాలామంది పిల్లలకు ఆ బిస్కెట్ల మాట చెప్పేశాను.

నెల దాటినా తిండి, నిద్ర, ఆట కుదుటపడకపోతే, పక్క తడపడం తగ్గకపోతే, లేదా "నేనూ నాన్న దగ్గరికి పోతా" అని పదే పదే అంటుంటే డాక్టరు గారికి చూపించండి. 14416 టెలి మానస్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు నుంచి ఈ సేవ ఉంది.

ఆ పాపకు వాళ్ళమ్మ మా గదిలోనే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ చాలాసేపు ఏడ్చారు. తర్వాత పాప ముక్కు తుడుచుకుని, "అయితే నాన్న చెప్పులు ఎవరికీ ఇవ్వొద్దు, నా పెట్టెలో పెట్టుకుంటా" అంది. ఆ సాయంత్రం బస్సు వచ్చే వేళకు అన్నం తిందని నాయనమ్మ ఫోన్ చేసి చెప్పింది.