మంట పసుపుపచ్చగా వస్తోందా?

గిన్నెల అడుగున మసి పడుతోందా? తోమే మనిషిని కోప్పడి లాభం లేదు, సబ్బు మార్చినా లాభం లేదు. ఒక్కసారి గిన్నె దించి, వంటింట్లో లైటు ఆర్పి, స్టవ్వు మంట వంక తేరిపార చూడండి. మంట నీలంగా, పొట్టిగా, బర్నరు చుట్టూ చామంతి రేకుల్లా వరసగా నిలబడి ఉంటే మీ స్టవ్వు ఆరోగ్యంగా ఉన్నట్టే. అలా కాకుండా కొసలు పసుపుపచ్చగా మారి, పొడుగ్గా, కొండెక్కబోయే దీపంలా అటూ ఇటూ ఊగుతోందంటే దానికేదో జబ్బు చేసిందన్నమాట.

పొయ్యి పొగచూరితే మన అమ్మమ్మలు ఏం చేసేవారో గుర్తుందా? ఊదుగొట్టం అందుకునేవారు. మంటకి గాలి చాలడం లేదని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గ్యాసు పొయ్యికైనా అదే సూత్రం. సిలిండరులోంచి వచ్చిన గ్యాసు, జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్కకున్న సూదిబెజ్జంలోంచి జోరుగా బయటికొస్తుంది. ఆ జోరులో చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. రెండూ బర్నరు కింది గొట్టంలో కలిసి, పైనున్న చిల్లుల్లోంచి వచ్చి మండుతాయి. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా గాలి తగ్గి మంట పచ్చబడుతుంది. వంట ఆలస్యమవుతుంది, గ్యాసు వృథా అవుతుంది. "నెల తిరక్కుండానే బండ అయిపోయిందా?" అని ఇంట్లో మాట పడేది మాత్రం మనమే!

అడ్డం పడేది ఎక్కువగా పొంగినదే. పాలు, పప్పు నురుగు, గంజి... పొంగినప్పుడు పైపైన తుడిచేస్తాం, చిల్లుల్లోకి దిగింది అక్కడే మాడి గట్టిపడుతుంది. కాబట్టి వారానికొకసారైనా, స్టవ్వు పూర్తిగా చల్లారాక, రెగ్యులేటరు కట్టేసి, పైనున్న బిళ్ళ తీసి శుభ్రం చెయ్యాలి. ఇత్తడి బిళ్ళయితే వేడినీళ్ళలో కాస్త చింతపండు పిసికి, అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే చాలు, తళతళలాడుతుంది. మూసుకుపోయిన చిల్లుల్ని సన్నటి పిన్నుతో ఒక్కొక్కటీ నెమ్మదిగా తెరవండి, బెజ్జం పెద్దది చెయ్యకండి. అల్యూమినియం బర్నరైతే చాకలిసోడా దగ్గరికి రానివ్వద్దు, ఆ లోహాన్ని తినేస్తుంది. వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు సరిపోతాయి. కడిగాక ఎండలో పెట్టి, తడి పూర్తిగా ఆరాకే బిగించండి. తడిబర్నరు వెలిగిస్తే మంట చిటపటలాడుతుంది, మళ్ళీ పసుపురంగు కనిపిస్తుంది, "ఇంత రుద్దినా బాగుపడలేదే" అని మనకి నీరసం!

చాలామంది మర్చిపోయేది బర్నరు కింది గొట్టాన్ని. దాంట్లో సాలీళ్ళు గూళ్ళు పెడతాయి, బొద్దింకలు దూరతాయి. సెలవులకి ఊరెళ్ళి నెలరోజులకి తిరిగొచ్చాక మంట పచ్చబడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కొన్ని స్టవ్వుల్లో ఈ గొట్టం చేత్తో ఎత్తితే వచ్చేస్తుంది. అలాంటిదైతే సీసాలు కడిగే బ్రష్షు లోపలికి పోనిచ్చి దులపండి. మరమేకుతో బిగించినదైతే మెకానిక్కుకి వదిలెయ్యండి.

ఇక జెట్టు జోలికి మనం అసలు వెళ్ళకూడదు. మా వీధిలో ఒకావిడ పిన్నీసు పెట్టి జెట్టుని పొడిచారు. మంట పెద్దదైందని రెండ్రోజులు సంబరపడ్డారు కూడా. మూడోరోజు నుంచి గిన్నెలన్నీ నల్లటి నలుపే! బెజ్జం వెంట్రుకవాసి పెరిగినా గ్యాసు ఎక్కువొస్తుంది, దానికి తగ్గ గాలి రాదు. జెట్టు కొత్తది వేయించడం తప్ప ఇంకో దారి లేకపోయింది. అన్నట్టు, హైదరాబాదు, విజయవాడ, కాకినాడ లాంటి ఊళ్ళలో పైపు గ్యాసు తీసుకున్నవాళ్ళకీ ఇదే మాట. సిలిండరు గ్యాసుకి వేరు, పైపు గ్యాసుకి వేరు జెట్లు ఉంటాయి. పాత స్టవ్వుని తీసుకెళ్ళి అలాగే పైపుకి తగిలిస్తే మంట మిణుకు మిణుకుమంటుంది. జెట్లు మార్పించుకోవాలి.

ఒక్కోసారి బర్నరు మీద మండాల్సిన మంట బుస్సుమని లోపల జెట్టు దగ్గర మండుతుంది. వెంటనే నాబు కట్టెయ్యండి. చల్లారాక చూస్తే చాలాసార్లు బిళ్ళ సరిగ్గా కూర్చోక ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. సరిచేసి వెలిగించినా మళ్ళీ అదే తంతైతే, బిళ్ళ అరిగిపోయి చిల్లులు పెద్దవయ్యాయని అర్థం. కొత్తది కొనాల్సిందే.

మసి కంటికి కనబడుతుంది కనక గిన్నె తోముకుని ఊరుకుంటాం. కానీ గాలి చాలక మండే మంటలోంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలని కిటికీలు బిడాయించి వంట చేస్తుంటే తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం లాంటివి వచ్చి, బయటి గాలిలోకి రాగానే తగ్గిపోతుంటే అది పైత్యమని మజ్జిగ తాగి పడుకోకండి. స్టవ్వు కట్టేసి తలుపులు తెరవండి. స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టించుకున్నవాళ్ళకి ఈ మాట మరీ మరీ చెప్పాలి. గీజరు ఉండాల్సింది గది బయట, గాలి ఆడేచోట. చిన్న గదిలో గీజరు మండుతుండగా తలుపు వేసుకుని స్నానానికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గురించి చలికాలం పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

మంట రంగు బాగానే ఉంది, కానీ చిన్నగా వస్తోందనుకోండి. అప్పుడు రెండు బర్నర్లూ వెలిగించి చూడండి. ఒక్కటే చిన్నగా ఉంటే తప్పు ఆ బర్నరుది. రెండూ చిన్నగా ఉంటే ట్యూబు ఎక్కడైనా మడతపడిందేమో, సిలిండరు కింద నలిగిందేమో చూడాలి. అదేం లేకపోతే గ్యాసు అయిపోవచ్చింది, కాకపోతే రెగ్యులేటరు పాడైంది. అయిపోవచ్చిన బండని పడుకోబెట్టి రెండు పూటలు గడిపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చెయ్యకండి! సిలిండరులో ఉండేది ద్రవం. నిలబెట్టి ఉంచితే పైన చేరిన ఆవిరి మాత్రమే ట్యూబులోకి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే వచ్చేస్తుంది. అది ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. ఆ మంటని మీ స్టవ్వు ఆపలేదు. వేడినీళ్ళ గిన్నెలో బండని నిలబెట్టడం కూడా అంతే ప్రమాదం. రెండు కప్పుల కాఫీ కోసం ఇంత సాహసం ఎందుకండీ? పక్కింటి పొయ్యి మీద పెట్టుకు తెచ్చుకోండి.

నాబు బిగుసుకుపోతే కొబ్బరినూనె పోస్తారు కొందరు, పట్కారుతో తిప్పుతారు ఇంకొందరు. రెండూ వద్దు. లోపలి గ్రీజు ఎండిపోతే అలా బిగుస్తుంది. మెకానిక్కు విప్పి కొత్త గ్రీజు పెడితే పదినిమిషాల పని. బలవంతంగా తిప్పితే అక్కడే లీకు మొదలవుతుంది.

1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. పొగ బాధ లేని పొయ్యి ఎన్నో ఇళ్ళకి చేరింది. సంతోషమే. కానీ పల్లెల్లో చూడండి, సిలిండరు పక్కనే నేల మీద స్టవ్వు, నాలుగడుగుల్లో కట్టెల పొయ్యి! స్టవ్వు ఎప్పుడూ సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి. మన గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పాకుతుంది, గుంటల్లో చేరుతుంది. పట్నాల్లో అందం కోసం గట్టు కింద బీరువా చేయించి, బండని దాంట్లో పెట్టి తలుపులు వేసేవాళ్ళు కూడా ఇది గమనించాలి. ఆ తలుపులకి కింది భాగంలో గాలి పోయే చిల్లులు పెట్టించండి. ఇక నారింజరంగు సురక్షా ట్యూబు చూడటానికి బాగున్నా అయిదేళ్ళకి మార్చాల్సిందే. పొడవు మీటరున్నర మించకూడదు. స్టవ్వు వెనకనుంచి వేడి తగిలేలా వెళ్ళకూడదు. దానికి గుడ్డ తొడుగులు కుట్టి పెట్టకండి, ఎలక కొరికినా కనబడదు.

గ్యాసుకి సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే కంపువాసన కలుపుతారు. ఆ వాసన రాగానే చాలామంది చెయ్యి అలవాటుగా ఎగ్జాస్టు ఫ్యాను స్విచ్చి మీదికి వెళ్తుంది. అదే వద్దు! ఏ స్విచ్చీ వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆర్పకూడదు కూడా. రెండింటికీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వంటింటి మూల దేవుడి దగ్గర దీపం, అగరువత్తి ఉంటే వెంటనే ఆర్పండి. నాబులు, రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ బయటికి పంపండి. రెగ్యులేటరు కట్టినా వాసన ఆగకపోతే దాన్ని తీసేసి, సిలిండరుకి దారంతో వేలాడే మూత బిగించండి. ఆ మూత ఉన్నది ఇందుకే, పిల్లలు ఆడుకోవడానికి కాదు! ఫోను మాత్రం ఇంటి బయటికి వచ్చాకే చెయ్యాలి. 1906 నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది. వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

బండ తెచ్చిన కుర్రాడు తొందరలో ఉంటాడు. ఉండనివ్వండి. సీలు చూసి, తీయించి, లోపల నల్లటి రబ్బరు వాషరు ఉందో లేదో చూపించమనండి. కాస్త సబ్బునీళ్ళు పోయించండి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్ల గీసి చూపిస్తానంటే ఒప్పుకోవద్దు. బండ పైన చేత్తో పట్టుకునే కమ్మీకి కింద మూడు పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. అంకెలు సంవత్సరం. బి-27 అని ఉంటే 2027 జూన్ నెలాఖరులోగా ఆ బండని మళ్ళీ పరీక్ష చెయ్యాలన్నమాట. ఆ గడువు దాటిన బండ మీ గుమ్మంలోకి వస్తే దించనివ్వకండి, ఇంకోటి తెమ్మని తిప్పి పంపండి.