పింఛను పునర్విచారణ

నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి ఇంటింటికి వచ్చి పింఛను చేతికిచ్చుట ఉద్దానపు పల్లెలలో అలవాటైన సంగతి. పునర్విచారణలో నున్నవారికి ఆ యుదయము అగ్నిపరీక్ష. పొరుగింటి అరుగు వరకు వచ్చిన ఉద్యోగి తమ వాకిట ఆగునో, దాటిపోవునో యని క్రిందటి రాత్రి వారికి కంటిమీద కునుకుండదు. పలాస, టెక్కలి పట్టణములలో అర్జీలు వ్రాసిపెట్టు మా వంటి న్యాయవాదులను వారడుగు ప్రశ్న ఒక్కటే: "బాబూ, ఎప్పుడు తేలతాది?"

2025లో రాష్ట్ర ప్రభుత్వము వికలాంగుల పింఛన్లను పునఃపరిశీలింప బూనినది. వైకల్యము నూటికి 40 పాళ్లకు తక్కువయని వైద్యులు తేల్చినవారికి ఆగస్టు మాసమున తాఖీదులు వెళ్లినవి. అలజడి బయలుదేరిన పిమ్మట, తాఖీదు లందినవారికి సైతము సెప్టెంబరు పింఛను నిత్తుమని సర్కారు తెలిపినది. అనర్హులను ఏరివేయుట తప్పని మేమనము. దొంగ ధ్రువపత్రము పుచ్చుకొన్నవాడు నిజమైన వికలాంగుని నోటి కూడు తీసినవాడే. కాని సొమ్ము ఆగదన్న మాట మొదటనే గట్టిగా చెప్పియున్నచో ఎన్ని ఇండ్లలో నిద్ర దక్కియుండెడిది!

మూత్రపిండ వ్యాధిగ్రస్తుల స్థితి ఇంతకన్న దారుణము. డయాలిసిస్ చేయించుకొనువారికి నెలకు 10,000 రూపాయలు కలవు. అంతవరకు పోనివారికి రక్తపరీక్షలో క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటవలెను, లేదా అంతటి తీవ్రతను తెలుపు వేరొక కొలత యుండవలెను. 4.6 వచ్చి త్రోసివేయబడినవాడు మరల పరీక్షకు పోవునపుడు దేవునికి ఏమని మ్రొక్కుకొనవలెను? అంకె తగ్గిన ప్రాణమునకు మేలు; పెరిగిన పింఛను వచ్చును. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడితోట, కొబ్బరితోట పోగొట్టుకొన్న సంసారమైనచో, ఆ పింఛనే గింజలు. ఇట్టి సందిగ్ధమున మనిషిని నిలిపి "ధైర్యముగా నుండు" మనుట పరిహాసము గాక మరేమి?

చట్టము సైతము వీరికి ఆసరా కాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 59వ సెక్షనులో ధ్రువపత్రముపై అప్పీలు కలదు. కాని అది పేర్కొన్న 21 వైకల్యములలో మూత్రపిండ వ్యాధి లేదు. రోగకాలమునను, అంగవైకల్యమునను సహాయమొనర్పుమని రాజ్యాంగము 41వ అధికరణము ప్రభుత్వమును ఆదేశించును గాని, దానిని పట్టుకొని నేరుగా కోర్టుకెక్కు వీలులేదు. అమెరికాలో, రోగి కోలుకొన్నాడని వైకల్య భృతిని ఆపబోవునపుడు, తాఖీదు అందిన 10 దినములలో కోరుకొన్నచో పునర్విచారణ ముగియువరకు భృతి సాగును. ఓడినచో తిరిగి చెల్లింపవలసి రావచ్చును. ఆ షరతు కఠినమే. అయినను ఈ నెల గింజలకు లోటుండదు. మనకును అట్టి నిబంధన వ్రాతమూలకముగా కావలెను. అర్జీకి తేదీ వేసిన రసీదు, తిరస్కరణకు తెలుగులో కారణము, తీర్పునకు ఒక గడువు — వీనికి ఖజానాలో ఖర్చేమున్నది?

అంతవరకు బాధితుడేమి చేయవలెను? తాఖీదు, పరీక్షల కాగితములు, రసీదు ఒకే కట్టగా నుంచి, నకళ్లు వేరుగా దాచవలెను. కచేరికి ప్రతిదినము తిరుగుట మాని వారమునకొక దినము నియమించుకొన్నచో తక్కిన ఆరు దినములు తనవగును. తొందరగా తేల్చెదమని సొమ్మడుగు దళారిని గడప త్రొక్కనీయరాదు. దిగులుచే మందు మానుట, డయాలిసిస్ తప్పించుట ప్రాణాంతకము. నిద్రలేమి రక్తపుపోటును పెంచును, పోటు మూత్రపిండమును మరింత చెరుచును. దిగులు భరింపరానిదైనచో 14416 నంబరునకు టెలిఫోను చేయవచ్చును. 2022లో వెలసిన ఈ టెలి మానస్ సేవ ఉచితము, తెలుగులో మాటాడుదురు.

పఠనమందిరములకు వచ్చు మిత్రులకొక మనవి. మీ వీధిలో తాఖీదు అందుకొన్నవాడు చదువు రానివాడైనచో దానిని చదివి వినిపింపుడు. అర్జీ ఇచ్చు దినమున వెంటపోయి రసీదు చేతబట్టువరకు కదలకుడు. ఒకటవ తేదీ ఉదయమున ఒక గడియ వాని అరుగుమీద కూర్చుండుడు.