కొండవాలుపై తొందర తగదు

విమానయానాన్ని చిన్న పట్టణాలకూ, కొండ ప్రాంతాలకూ చేర్చాలన్నది ఉడాన్ పథకం ఆశయం. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌కు ఆ పథకం కిందనే 2021 మార్చి 1న విమాన సర్వీసు ప్రారంభమయింది. లింగియాడీహ్ వంటి పేటల వాసులకు సైతం విమానం అందుబాటులోకి వచ్చింది. ఇది హర్షణీయమే. అయితే మూడు వందల మీటర్ల ఎత్తయినా లేని మైదానం నుంచి విమానం లేవడం వేరు. హిమాలయాల మంచు వాలుల నుంచి చిన్న విమానమో, హెలికాప్టరో లేవడం వేరు. రెండింటినీ ఒకే వ్యాపార లెక్కతో నడపజూడడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. గాలి పలుచబడిన కొద్దీ రెక్కలకు లభించే ఊతం, ఇంజను సామర్థ్యం తగ్గుతాయి. విమానం లేవడానికి మరింత వేగం, మరింత దూరం అవసరమవుతాయి. కొండవాలున ఆ దూరం దొరకదు. మెత్తని మంచు చక్రాలను పట్టి లాగుతుంది. రెక్కలపై పలుచని మంచు పొర పేరుకున్నా ఊతం క్షీణిస్తుంది. నేల, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోతే పైలట్‌కు ఎత్తుపల్లాలు తెలియవు.

నేపాల్‌లోని లుక్లా విమానాశ్రయం ఇందుకు ఉదాహరణ. అక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లు మాత్రమే. విమానాలు ఎగువకు దిగి, దిగువకు ఎగురుతాయి. రన్‌వే చివర లోయ. 2019 ఏప్రిల్ 14న ఎగరబోతున్న చిన్న విమానం పక్కకు మళ్ళి హెలికాప్టర్లను ఢీకొనగా ముగ్గురు మరణించారు. మన సిమ్లాలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి విమానం అక్కడి నుంచే ఢిల్లీకి బయలుదేరింది. ఎత్తు, పొట్టి రన్‌వే కారణంగా ఆ 42 సీట్ల విమానం పలు సీట్లు ఖాళీగా వదిలి లేవవలసి వచ్చేది. ఖాళీ సీటు నష్టమే కావచ్చు. కానీ అదే భద్రతకు చెల్లించే మూల్యం.

ఉత్తరాఖండ్‌లో ఈ మూల్యం చెల్లించడానికి సుముఖత కొరవడిందనిపిస్తుంది. యాత్రా కాలం స్వల్పం; ఎన్ని ట్రిప్పులు తిప్పితే అంత ఆదాయం. 2025 మే 8న గంగోత్రి మార్గంలో హెలికాప్టర్ కూలి ఆరుగురు మరణించారు. మృతులలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు కూడా ఉన్నారు. జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి బయలుదేరిన హెలికాప్టర్ గౌరీకుండ్ సమీపంలో కూలి రెండేళ్ళ పసికందుతో సహా ఏడుగురు బలయ్యారు.

తెలుగు ప్రజలకు ఈ విషాదం కొత్త కాదు. 2004 ఏప్రిల్ 17న బెంగుళూరు జక్కూరు నుంచి ఎగిరిన చిన్న విమానం నిమిషాల్లోనే కూలి నటి సౌందర్య దుర్మరణం పాలయ్యారు. 2009 సెప్టెంబర్ 2న ప్రతికూల వాతావరణంలో సాగిన ప్రయాణం నల్లమల కొండల్లో ముగిసి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు మరణించారు. మైదానంలోనూ, మంచు లేని కొండల్లోనూ ఇంతటి ముప్పు ఉన్నపుడు మంచు వాలుల సంగతి చెప్పనక్కరలేదు.

ఎగిరిన తర్వాత కొండవాలు రెండో అవకాశం ఇవ్వదు. నిర్ణయం నేలపైనే జరగాలి. ప్రతి లోయలో వాతావరణ పరిశీలన కేంద్రాలు, కెమెరాలు ఉండాలి. ప్రయాణికులను, సామానును తూచిన తర్వాతే అనుమతించాలి. ‘ఇవాళ ఎగరను’ అన్న పైలట్ జీతానికీ, ఉద్యోగానికీ నష్టం రాకుండా నిబంధన విధించాలి. సర్వీసు రద్దయితే యాత్రికునికి పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి. దర్శనం ఒకరోజు ఆలస్యమైనా మరునాడు లభిస్తుంది. పోయిన ప్రాణం తిరిగిరాదు.