గాలిమర ప్రాజెక్టు సరే.. లెక్క వేశారా?

ఇంజినీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుల్లో కొన్ని ఎవర్‌గ్రీన్. హైవే డివైడర్ మీద నిలువు గాలిమర పెట్టి, దూసుకెళ్లే లారీల గాలితో వీధిదీపాలు వెలిగించడం అందులో ఒకటి. పీవీసీ పైపును కోసి రెక్కలు, ఓ పాత మోటారు, ఒక ఎల్‌ఈడీ. టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మార్కులూ పడతాయి. (రెడీమేడ్‌గా కొన్నవాళ్ల సంగతి వదిలేద్దాం.) చిక్కల్లా ఇంటర్వ్యూలోనే. ‘దీంతో ఎన్ని వాట్లు వస్తాయి?’ అంటే మనోళ్లలో చాలామంది దిక్కులు చూస్తారు. ఆ ఒక్క లెక్క రాకుండా టర్బైన్ల రకాలు ఎన్ని బట్టీ కొట్టినా దండగేనని నా అభిప్రాయం.

లెక్క పెద్దదేం కాదు. గాలి సాంద్రతలో సగం, రెక్కలు తిరిగే వైశాల్యం, గాలి వేగం ఘనం.. ఈ మూడింటినీ గుణిస్తే గాలిలో ఉన్న పవర్ వస్తుంది. మీ టర్బైన్ అర చదరపు మీటరు, గాలి సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. సాంద్రత 1.225. గుణించి చూడండి, 20 వాట్లు కూడా ఉండదు. అదీ మొత్తం మన చేతికి రాదు. బెట్జ్ పరిమితి ప్రకారం ఎంత గొప్ప టర్బైనైనా 59.3 శాతానికి మించి లాగలేదు. పీవీసీ పైపు రెక్కలు 20 శాతం పట్టుకున్నా గొప్పే. అంటే 4 వాట్లు! ఇంట్లో వాడే 9 వాట్ల బల్బుకే చాలదు, ఇక వీధిదీపం ఎక్కడ? పైగా లారీ గాలి రెండు క్షణాలు కొట్టి పోతుంది. నిలకడ ఉండదు.

అదే గాలి వేగం రెట్టింపైతే పవర్ 8 రెట్లవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో, టవర్లు ఏటికేడు ఎందుకు ఎత్తు పెరుగుతున్నాయో ఈ ఒక్క ముక్కతో అర్థమైపోతుంది.

ఇప్పుడు రకాలు. డ్రమ్మును నిలువునా చీల్చి, రెండు సగాలను ఎదురెదురుగా కాస్త పక్కకు జరిపినట్టుండేది సవోనియస్. గాలి తోస్తే తిరుగుతుంది, మెల్లగా. మీ పైపు ప్రాజెక్టు దాదాపుగా ఇదే. కవ్వంలా కనిపించేది డేరియస్. ఈ రెండూ నిలువు ఇరుసువి. కొండల మీద మనం చూసే మూడు రెక్కలది అడ్డ ఇరుసు. దాని రెక్కను గాలి తోయదు. విమానం రెక్కను పైకి లేపే ‘లిఫ్ట్’ బలమే దాన్ని తిప్పుతుంది. అందుకే సామర్థ్యం ఎక్కువ.

ఇక్కడితో ఆగిపోతే టెన్త్ క్లాస్ జవాబే. ఉద్యోగానికి పనికొచ్చే తేడాలు టవర్ పైనున్న నాసెల్ పెట్టెలో ఉన్నాయి. పెద్ద రెక్కలు నిమిషానికి పది, పదిహేను చుట్లే తిరుగుతాయి. గ్రిడ్‌కు 50 హెర్ట్జ్ ఇచ్చే నాలుగు పోల్స్ జనరేటర్‌కేమో 1500 చుట్ల దరిదాపుల్లో వేగం కావాలి. ఆ వంద రెట్ల తేడాను గేర్‌బాక్స్ పూడుస్తుంది. అది పాడైతే అంత ఎత్తులో రిపేరంటే మాటలు కాదు. అందుకే కొన్ని కంపెనీలు గేర్‌బాక్సే లేకుండా, ఎక్కువ పోల్స్‌తో మెల్లగా తిరిగే డైరెక్ట్ డ్రైవ్ జనరేటర్ పెడతాయి. దాంతో బరువూ, ఖర్చూ పెరుగుతాయి. గేర్‌బాక్స్ ఉన్నవాటిలో డీఎఫ్‌ఐజీ రకమైతే కన్వర్టర్ గుండా మొత్తం పవర్‌లో దాదాపు మూడో వంతే వెళ్తుంది. ఫుల్ కన్వర్టర్ రకంలో మొత్తం వెళ్తుంది. ట్రిపుల్ఈ వాళ్లు ఈ రెండింటి తేడా బొమ్మ గీసి మరీ చెప్పగలగాలి. మెకానికల్ వాళ్లకు గేర్‌బాక్స్, బేరింగ్‌ల వైబ్రేషన్ డేటా చదవడం వస్తే చాలా ప్లస్.

సీఎస్‌ఈ వాళ్లూ, ‘మాకేంటి’ అనకండి. విండ్‌ఫామ్‌లు రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత కరెంటు ఇస్తాయో ముందే చెప్పాలి. అంచనా పరిమితి దాటి తప్పితే డబ్బు కట్టాలి. వేగం ఘనం గుర్తుంది కదా? గాలి అంచనాలో పది శాతం పొరపాటైతే పవర్ లెక్కలో అది దాదాపు ముప్పై శాతం అవుతుంది. మోడల్ రాసేవాడికి ఇంతకన్నా మంచి సవాలేముంది!

ఇప్పటికే ఆ పైపు గాలిమర చేసేసినవాళ్లు పారేయక్కర్లేదు. దాని పక్కన ఓ చిన్న అనిమోమీటర్ బిగించి, నెల రోజులు గాలి వేగం, వాట్లు రెండూ రాసుకుని గ్రాఫ్ గీయండి. రెజ్యూమెలో ‘హైవే లైట్లు వెలిగించాం’ అన్న లైన్ కొట్టేసి, ఆ గ్రాఫ్‌లో వచ్చిన 4 వాట్లే రాయండి.