కొంగజపం

ఈ సంచిక ముఖచిత్రం మీద మా ఆఫీసులో రెండు రోజులు వాదన నడిచింది. చిల్లకూరు మండలంలో ఒక చెరువు, తెల్లవారుజాము. బొమ్మలో ముప్పాతిక వంతు నీళ్లే. ఎడమ పక్క మూలన, తుంగ చాటున, బూడిదరంగు కొంగ ఒకటి బొటనవేలంత. అప్పుడే కాలు కదిపినట్టుంది, ఒకే ఒక్క వలయం లేచి కొంతదూరం వచ్చింది. నీడలో కొంగ మెడ ఆ వలయం దగ్గర తెగి, మళ్లీ అతుక్కుంది. పిట్ట మరీ చిన్నదైపోయింది, పాఠకుడికి కనపడదు అన్నారు కొందరు. కనపడేదాకా చూస్తాడులే అని వేశాం.

మన భాషలో కొంగకి అన్యాయం జరిగింది. కొంగజపం అంటే దొంగజపమే మనకి. చేప కోసం నిలబడింది కాబట్టి ఆ నిలకడంతా నటన అని తీర్పు చెప్పేశాం. అయిదింటికి చెరువుకట్ట మీద కూర్చుని ఎండెక్కేదాకా కొంగని చూసినవాళ్లు ఆ మాట అనలేరు. ఎత్తిన కాలు దించేటప్పుడు నీళ్లకి తెలియకూడదు. తన నీడ చేప మీద పడకూడదు. ఆకలి ఎంతున్నా తొందరపడకూడదు. అంత ఏకాగ్రత నటనతో వచ్చేది కాదు. కెమెరా పట్టుకున్నవాడికి చివరికి ఆ విద్యే కావాలి. దోమలు కుడుతుంటే, తడి బురదలో మోకాళ్లు మొద్దుబారుతుంటే, చూపొక్కటే మిగిలేలా కూర్చోవాలి. మా ముఖచిత్రం తీసినాయన అదే చెరువుకి పదకొండు రోజులు వెళ్లాడు. పది రోజులు ఒక్క ఫొటో కూడా తీయలేదట.

ఈ చూపు మనకి కెమెరాతో రాలేదు. నలుడి ఉద్యానవనంలో హంసని గుర్తు తెచ్చుకోండి. కొలను పక్కన ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి, తల రెక్కలో దాచుకుని నిద్రపోతుంటుంది. శ్రీహర్షుడు సంస్కృతంలో చూపిన ఆ భంగిమనే శ్రీనాథుడు శృంగార నైషధంలో మన చెవికి తెచ్చాడు. హంస బంగారుదన్నది కల్పన. ఆ నిద్ర మాత్రం నీటిపక్షిని దగ్గరగా చూసినవాడి లెక్క. చలికాలం పులికాట్ సరస్సులో నిలబడ్డ రాజహంసల్ని చూడండి, ఇప్పటికీ అలాగే నిద్రపోతాయి. ఊహకి రెక్కలు రావాలంటే ముందు నిజమైన రెక్కని అంత శ్రద్ధగా చూసి ఉండాలి.

నెల్లూరు సీమకి ఈ విషయంలో ఇంకో వారసత్వం ఉంది. 1840లలో థామస్ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. ఇక్కడి యానాదులని అడిగి మొక్కల వాడకాలూ, జంతువుల పేర్లూ తెలుసుకున్నాడు. ఆ రోజుల్లోనే భారతీయ పక్షుల మీద అచ్చువేయించిన పుస్తకంలో యాభై బొమ్మలున్నాయి. వాటిని వేసింది మన దేశపు చిత్రకారులు. తర్వాత 1862 నుంచి వచ్చిన ఆయన పెద్ద గ్రంథంలో ఇంగ్లీషు పేర్ల పక్కన తెలుగు పేర్లూ చోటు చేసుకున్నాయి. పిట్టని చూడటం, దాన్ని బొమ్మగా దించడం, ఊరివాళ్లు దాన్ని ఏమంటారో అడగడం అప్పుడు ఒకే పనిలో భాగాలు. ఇప్పుడు మొదటి రెండింటికీ యంత్రం వచ్చింది. మూడోది మరిచిపోయాం.

మాకు వచ్చే ఫొటోల్లో నూటికి తొంభై ఒకే తీరు. పెద్ద లెన్సు, ఫ్రేము నిండా పిట్ట, కంట్లో మెరుపు, వెనకంతా అలికేసినట్టు ఆకుపచ్చ. గుర్తుపట్టడానికి అవి అవసరమే, కాదనం. అయితే ఆ అలికేసినది చెరువు. చిల్లకూరు, కోట మండలాల్లో నేల కింద సిలికా ఇసుక, దాని కోసం తవ్వకాలు. బకింగ్‌హాం కాలువ దాటితే రొయ్యల గుంటలు. ఇలాంటి చోట నీళ్లని చెరిపేసి పిట్టని మాత్రం అందంగా మిగిల్చే బొమ్మ సగం నిజమే చెబుతుంది.

హైవే మీద దక్షిణంగా వెళితే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 1976లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రం చేశారు. చెరువులో మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తల్లి గొంతుసంచిలోకి తలదూర్చి తినే ఫొటో మనందరం చూశాం. నాకు ఎక్కువ ఇష్టమైనది సాయంత్రపు బొమ్మ. పులికాట్ వైపు నుంచి నాలుగైదు గూడబాతులు వరసగా, రెక్క ఊపకుండా జారుతూ వస్తుంటాయి. కింద వరిచేలు, చేలో వంగిన మనుషులు, దూరంగా చెట్ల నల్లటి గీత. పక్షుల రెట్టతో బలపడ్డ ఆ చెరువు నీళ్లు కింది పొలాలకి ఎరువని రైతులకి తెలుసు. సరస్సు, చెట్టు, చేను, పిల్లల ఆకలి అన్నీ ఆ ఒక్క వరసలో కనిపిస్తాయి. అలాంటి ఫొటోని నేను కవితగానే చదువుతాను.

ఒక్కటి మాత్రం కటువుగా చెప్పాలి. మంచి ఫొటో కోసం గూటి దగ్గరికి పోవడం, డ్రోను ఎగరేయడం, పడుకున్న గుంపు మీదికి రాయి విసిరి లేపడం కళ కాదు, హింస. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకి కాగిపోతాయి, కాకుల పాలవుతాయి. ఏ బొమ్మకీ అంత వెల లేదు.

వానలు పడి చెరువులు నిండగానే ఈ పిట్టలు మళ్లీ వస్తాయి. ఈసారి మీ ఊరి నీటిపక్షుల ఫొటోలు మాకు పంపండి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. నీళ్లు కనిపించాలి. ఫొటో వెనక చెరువు పేరు రాయండి. ఆ పిట్టని మీ ఊళ్లో, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి, ఆ పేరు వాళ్లు పలికినట్టే రాయండి. గూళ్ల ఫొటోలు పంపవద్దు, వేసుకోం.