యజమానికి తెలియని బేరం

రాజమహేంద్రవరం: ఇల్లు అమ్మకానికి ఉందన్న సంగతి ఊరందరికీ తెలిసి, యజమానికి మాత్రం తెలియకపోవడం గోదావరి జిల్లాల్లో వింతేమీ కాదు. రాజమహేంద్రవరం దానవాయిపేటలోనో, 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రాలైన భీమవరం, అమలాపురంలోనో తాళం వేసిన ఇల్లు కనిపిస్తే చాలు, దాని ఫొటో ఒక సెల్‌ఫోన్‌ నుంచి మరో సెల్‌ఫోన్‌కు పాకిపోతుంది. ధర కూడా వారే నిర్ణయిస్తారు. మస్కట్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న యజమానికి ఏ బంధువు ద్వారానో కబురు అందేసరికి, బయానా పేరిట కొంత సొమ్ము దళారి చేతిలో పడి ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ ప్రాంతపు స్వభావమే ఇందుకు కలిసివస్తోంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కు, పశ్చిమ డెల్టా నుంచి హైదరాబాదుకు, అమెరికాకు ఏళ్ల తరబడి సాగిన వలసలతో ఆస్తి ఒకచోట, ఆసామి మరొకచోట ఉండిపోయారు. తాళాలు పక్కింటివారి వద్దో, తోట కౌలుదారు వద్దో ఉంటాయి. తండ్రి అనంతరం ఆస్తి నలుగురు బిడ్డలకు ఉమ్మడిగా మిగిలినచోట చిక్కు మరింత ఎక్కువ. సంక్రాంతికి వచ్చిన తమ్ముడు అరుగు మీద కూర్చుని ‘మంచి ధర వస్తే చూద్దాం’ అన్న మాటే దళారికి అనుమతిపత్రం అవుతుంది. ఆ తమ్ముడు చట్టప్రకారం అమ్మగలిగేది తన వాటా మాత్రమేనన్న సంగతి ఎవరికీ పట్టదు.

బోర్డు పెట్టినంత మాత్రాన ఆస్తి పోతుందా అని తేలిగ్గా తీసుకునేవారు ఉన్నారు. పోదు. అయితే ఒకే ఇల్లు పదిమంది దళారుల జాబితాలో పది ధరలతో తిరిగితే, ‘ఇందులో ఏదో లిటిగేషన్ ఉంది’ అన్న అనుమానం కొనేవారిలో పాతుకుపోతుంది. తీరా యజమాని నిజంగా అమ్మదలచిన నాడు సెంటుకు రావలసిన ధర రాదు. ఇక బయానా ఇచ్చినవారు కోర్టుకు వెళ్తే, అసలు ఒప్పందమే చేసుకోని యజమాని ప్రతివాదిగా వాయిదాలకు తిరగవలసి వస్తుంది.

రెరా పరిధి ఎంత?

ఇటువంటి ఫిర్యాదులకు ‘రెరా’ ఉంది కదా అన్నది చాలామంది ధీమా. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఈ చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన మాట నిజమే. రిజిస్టరు కాని ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు రోజుకు రూ.10 వేల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చు. కానీ చట్టం చెప్పే ఏజెంటు ‘రియల్ ఎస్టేట్ ప్రాజెక్టు’లోని ప్లాటును, ఫ్లాటును, భవనాన్ని బేరమాడేవాడు. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 12 సెంట్లకు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడాలకు రిజిస్ట్రేషనే అక్కరలేదు. తాతల నాటి పెంకుటింటిని, కాలువగట్టు పక్కన ఉన్న కొబ్బరితోటను బేరం పెట్టే ఊరి దళారి ఈ వలలో చిక్కడు. డెల్టాలో వివాదాలు తలెత్తేది ఎక్కువగా ఇటువంటి పాత ఆస్తుల వద్దే కావడం చట్టంలోని పెద్ద వెలితి.

బ్రిటిష్‌ వారి నాటి చట్టమే దిక్కు

మిగిలింది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. పాతదే అయినా ఇందులో యజమానికి పనికొచ్చే ఆయుధాలు ఉన్నాయి. అధికారం లేకుండా ఏజెంటునని చెప్పుకుని బేరం కుదిర్చినవాడు, యజమాని ఆ బేరాన్ని ఆమోదించకపోతే, నమ్మి నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలని 235వ సెక్షన్ చెబుతోంది. పైగా కొనేవారిని వెతికిపెట్టమనడం వేరు, ఒప్పందం చేసుకోమనడం వేరు. మొదటిదాని నుంచి రెండోది దానంతటదే రాదు.

అసలు ప్రమాదం 237వ సెక్షన్‌లో ఉంది. దళారికి అధికారం ఉందని బయటివారు నమ్మేలా యజమాని మాటల ద్వారా గానీ, నడవడి ద్వారా గానీ కారకుడైతే, ఆ అనధికార చర్యలకు అతడూ బద్ధుడవుతాడు. గోడ మీద బోర్డు చూసి కూడా ‘ఉండనీలే, ధర ఎంత పలుకుతుందో తెలుస్తుంది’ అని ఊరుకునే పెద్దమనుషులు గమనించవలసింది దీన్నే. ఉచితంగా ధర తెలుసుకోవాలన్న ఈ సరదా రేపు కోర్టులో ఎదుటిపక్షానికి సాక్ష్యంగా మారవచ్చు. దళారిని నియమించలేదని చెబుతూనే, అతడు తెచ్చిన వ్యక్తికే చాటుగా అమ్మేవారిదీ ఇదే పరిస్థితి. ఉచితంగా చేయనుద్దేశించని పని వల్ల లబ్ధి పొందినవారు ప్రతిఫలం ఇవ్వాలన్న 70వ సెక్షన్‌ను చూపి అతడు కమీషన్ అడగవచ్చు.

కనుక తెలిసిన వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఫోన్లో కేకలు వేస్తే కోపం తీరుతుందేమో గానీ రికార్డు మిగలదు. తాము ఎవరికీ అధికారం ఇవ్వలేదని, ప్రకటనలు, ఫొటోలు, బోర్డు తొలగించాలని, ఎవరి వద్దనైనా సొమ్ము తీసుకుని ఉంటే వివరాలు తెలపాలని న్యాయవాది ద్వారా నోటీసు పంపడం మేలు. ఒకప్పుడు నిజంగానే అనుమతి ఇచ్చి తర్వాత మనసు మార్చుకున్నవారు మరింత జాగ్రత్త పడాలి. అధికారం రద్దయిన సంగతి బయటివారికి తెలిసేవరకు వారి విషయంలో ఆ రద్దు అమల్లోకి రాదని 208వ సెక్షన్ నిర్దేశిస్తోంది. దినపత్రికల్లో ‘ఇందుమూలముగా తెలియజేయునది’ అంటూ వచ్చే న్యాయవాదుల ప్రకటనల ప్రయోజనం ఇక్కడే. వెబ్‌సైట్లలో పెట్టిన ప్రకటనలపై ఆయా సంస్థల ఫిర్యాదుల అధికారికి హక్కుపత్రం నకలుతో రాయవచ్చు. అప్పటికీ ఆగకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా మార్గం ఉంది.

పోలీసు స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అన్న సమాధానం వినిపించడం మామూలే. ఉత్త బోర్డు విషయంలో అది కొంత సబబే. అబద్ధపు హోదాతో మోసపూరితంగా బయానా పుచ్చుకుంటే మాత్రం అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. ఫిర్యాదుకు సొమ్ము పోగొట్టుకున్న వ్యక్తి ముందుకొస్తే కేసుకు బలం చేకూరుతుంది. అతడు యజమానికి శత్రువు కాడు, తోటి బాధితుడు.

కొనేవారు బయానాకు ముందు యజమానితో నేరుగా మాట్లాడాలి. విదేశాల్లో ఉన్నవారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ చూపిస్తే, అది అక్కడి నోటరీ లేదా భారత కాన్సులేట్ ముందు రాసినదా, అందులో అమ్మే అధికారం ఉందా అన్నది చదివి చూడాలి. జీపీఏ ద్వారా జరిగే ‘అమ్మకం’ హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది. యజమానులు కూడా ఈసీ తీసి, అందులో ఏమీ లేదని నిశ్చింతగా ఉండరాదు. దళారి ఇంట్లో స్టాంపు కాగితంపై రాసుకుని రిజిస్టరు చేయించని అగ్రిమెంటు ఈసీలో కనిపించదు.